చిన్న సవారీల తారీఖ్



తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర రెండూ. సవారీ కూడా అలాంటి మాటే. తెలుగులో సవారీ చేయడమంటే ఎక్కి తిరగడం. మన జబాన్‌లో బండినీ సవారీ అంటాం, ఎక్కిన మనిషినీ సవారీ అంటాం. కాశీబుగ్గలో మన ఆటో భాయ్‌లు "ఇంకో రెండు సవారీలొస్తే బయల్దేరతా" అంటారు కదా, అదే. ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఇలాంటి మాటల దగ్గర ఆగిపోవడం ఒక బీమారీ. ఈసారి మాత్రం ఆ మాట పనికొచ్చింది. నేను చెప్పబోయే బండ్ల కథలో మనిషిని తీసేస్తే మిగిలేది రేకు ముక్కే.

ఆ బండ్లను ఇంగ్లీషువాళ్లు మైక్రోకార్లు అంటారు. మూడు చక్రాలో నాలుగు చక్రాలో ఉంటాయి. స్కూటర్‌కి పెట్టేంత ఇంజిన్, ఒకరో ఇద్దరో కూర్చునే చోటు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పదిహేనేళ్లపాటు యూరప్ రోడ్ల మీద లక్షల్లో తిరిగాయి. ఆ తర్వాత పెద్ద కార్లు చవకై వీటిని తుడిచిపెట్టేశాయి. మిగిలినవాటిని దాచుకున్న షౌఖీన్‌లు ఏడాదికోసారి కలుసుకుంటారు. ఇంగ్లండ్‌లో 'రిజిస్టర్ ఆఫ్ అన్‌యూజువల్ మైక్రోకార్స్' అని ఒక క్లబ్బే ఉంది. పేరుకు తగ్గట్టు, ఏ బండి ఎక్కడ బతికి ఉందో రాసిపెట్టుకోవడం దాని పని. ఇలాంటి మేళా రోజున ఎవరో ఒకరు తమ షెడ్డు తలుపులు బార్లా తీసి అందరినీ రమ్మంటారు. దాన్నే ఓపెన్ డే అంటారు.

మా ఖాలా కొడుకు ఆ దేశంలో ముసలివాళ్ల కేర్‌హోమ్‌లో పని చేస్తాడు. కేర్‌హోమ్‌లో ఉన్న ఒక పెద్దాయనను చక్రాల కుర్చీలో అలాంటి మేళాకు తీసుకెళ్లాడు. రాత్రి ఫోన్ చేసి చెప్పాడు: "భాయ్, అచ్చం ఉర్స్‌లా ఉంది. అందరికీ అందరూ తెలుసు. ఎవరు ఈ ఏడాది రాలేదు, ఎందుకు రాలేదు అని అడుగుతున్నారు. దుప్పటి పరిచి పాత కార్బొరేటర్లు, బ్రేక్ డ్రమ్ములు పెట్టుకుని కూర్చున్నారు. పొగ వాసన మన పాత చేతక్ వాసనే." పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే రోజులు గుర్తున్నవాళ్లకు ఆ వాసన విడిగా చెప్పక్కర్లేదు.

అతను ఇంకో సంగతి చెప్పాడు. రంగురంగుల బండ్ల మధ్యలో లేత నీలం రంగు మూడు చక్రాల బండి ఒకటి ఉంది. ఒకటే సీటు. కుర్చీలోని పెద్దాయన దాన్ని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఆయన అలాంటి బండిలోనే పాతికేళ్లు తిరిగాడు. ఆ బండి ఆయన కొన్నది కాదు, సర్కారు ఇచ్చింది.

మైక్రోకారు అంటే సరదా బొమ్మ కారు అని నేనూ అనుకునేవాణ్ణి. యూట్యూబ్ చూస్తే అలాగే అనిపిస్తుంది. తారీఖ్ తిరగేస్తే వేరే కథ ఉంది. యుద్ధం ముగిసేసరికి జర్మనీలో కాళ్లు పోయిన సిపాయిలు వేలల్లో ఉన్నారు. ఫ్రిట్జ్ ఫెండ్ అనే విమానాల ఇంజనీరు 1948 నాటికి వాళ్ల కోసం 'ఫెండ్ ఫ్లిట్జర్' అనే మూడు చక్రాల బండి తయారుచేశాడు. మొదటివి చేతులతో కదిపి నడిపేవి. తర్వాత చిన్న ఇంజిన్ పెట్టాడు. చిత్రమేమంటే, కాళ్లున్నవాళ్లు కూడా మాకూ ఒకటి చేసిపెట్టు అని రావడం మొదలుపెట్టారు. వాళ్ల దగ్గరా కారు కొనే డబ్బు లేదు మరి.

ఫెండ్ తన నమూనా పట్టుకుని మెస్సర్‌ష్మిట్ కంపెనీ దగ్గరికి వెళ్లాడు. యుద్ధ విమానాలు చేసిన కంపెనీ అది. ఓడిన దేశం కాబట్టి విమానాలు చేయకూడదని ఆంక్ష, కార్ఖానా ఖాళీగా ఉంది. అలా 1953లో కేఆర్175, 1955లో కేఆర్200 వచ్చాయి. విమానం కాక్‌పిట్‌లా పైన అద్దాల మూత, ఒకరి వెనక ఒకరు కూర్చునే సీట్లు, స్టీరింగ్ బదులు హ్యాండిల్. కేఆర్200 ఇంజిన్ 191 సీసీ. దాదాపు 30,000 బండ్లు చేశారు. కాళ్లు లేనివాడి కోసం పుట్టిన ఆలోచన అలా ఊరందరి సవారీ అయింది.

మిగతా బండ్ల పుట్టుక కూడా ఇలాంటిదే, అన్నీ మజ్‌బూరీ బిడ్డలే. ఇటలీలో ఫ్రిజ్‌లు చేసే ఇసో కంపెనీ 1953లో ఇసెట్టా అనే గుడ్డు ఆకారం బండి చేసింది. తలుపు ముందు వైపు ఉంటుంది, మన బీరువా తలుపులా తెరుచుకుంటుంది. దాని ఇజాజత్ కొనుక్కుని బీఎమ్‌డబ్ల్యూ 1955 నుంచి 1962 వరకు 1,60,000కు పైగా అమ్మింది. ఈ రోజు మన పిల్లలు ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకునే ఆ కంపెనీని కష్టకాలంలో నిలబెట్టినవాటిలో ఈ గుడ్డు ఒకటి. బవేరియాలో వ్యవసాయ యంత్రాలు చేసే హాన్స్ గ్లాస్ గొగ్గోమొబిల్ చేశాడు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1962లో పీల్ పీ50 వచ్చింది. 137 సెంటీమీటర్ల పొడవు, 59 కిలోల బరువు. రివర్స్ గేరు లేదు. వెనక్కి తిప్పాలంటే దిగి, వెనక ఉన్న పిడి పట్టుకుని చేత్తో లాక్కోవాలి. దాదాపు యాభై మాత్రమే తయారయ్యాయి. షౌఖీన్‌ల లోకంలో ఇప్పుడు దానిది కోహినూర్ దర్జా.

రివర్స్ గేరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. బ్రిటన్‌లో అప్పట్లో ఒక కానూన్ ఉండేది. మూడు చక్రాల తేలిక బండికి మోటార్‌సైకిల్ టాక్సే కడితే చాలు. రివర్స్ లేకపోతే మోటార్‌సైకిల్ లైసెన్స్‌తోనే నడపొచ్చు. అందుకని కొన్ని ఇసెట్టాల్లో ఉన్న రివర్స్‌ను కూడా పనిచేయకుండా బిగించి అమ్మారు. తలుపు ముందుంది, రివర్స్ లేదు. గోడకు ఆనించి ఆపితే మనిషి లోపల ఖైదీ. గరీబ్ మనిషి కానూన్ సందులోంచి దూరడానికి ఎప్పుడూ ఇంత కష్టపడాల్సిందే.

ఈ బండ్ల గిరాకీ పెరగడంలో మన చరిత్ర పుస్తకాల్లోని ఒక ముఖ్య ఘట్టానికీ వాటా ఉంది. 1956 జులై 26న ఈజిప్ట్‌లో జమాల్ అబ్దుల్ నాసిర్ సూయెజ్ కాలువను జాతీయం చేశాడు. యుద్ధం, కాలువ మూత, బ్రిటన్‌లో పెట్రోల్ రేషన్. తక్కువ తాగే బుడగ కార్లు ఒక్కసారిగా అందరికీ ముద్దొచ్చాయి. అది చూసి మండిపోయిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ పెద్ద లెనార్డ్ లార్డ్ వీటిని రోడ్డు మీంచి తరిమేసే సరైన చిన్న కారు చేయమని తన ఇంజనీర్లను ఆదేశించాడు. 1959లో మినీ వచ్చింది. నాలుగు చక్రాలు, నాలుగు సీట్లు. బుడగ కార్ల రోజులు అక్కడితో లెక్కకొచ్చాయి.

ఇక ఆ లేత నీలం బండి. దాని పేరు ఇన్వాకార్. బర్ట్ గ్రీవ్స్ అనే ఇంజనీరు, నడవలేని తన కజిన్ కోసం మోటార్ బండి చేయడంతో ఆ కథ మొదలైంది. తర్వాత బ్రిటన్ సర్కారు అలాంటి బండ్లను నడవలేనివాళ్లకు ఇస్తూ వచ్చింది. బండి యజమాని సర్కారే, మనిషి వాడుకోవచ్చు. ఒక్క సీటే కాబట్టి భార్యను ఎక్కించుకునే వీల్లేదు, బిడ్డను ఎక్కించుకునే వీల్లేదు. గాలికి ఊగిపోతుందని, మంటలు అంటుకుంటాయని శికాయత్‌లు. 1970ల్లో కొత్తవి చేయడం ఆపేశారు. 2003 మార్చి 31 తర్వాత రోడ్డెక్కకూడదని హుకుం వచ్చింది. సర్కారు చేతిలో ఉన్నవాటిని వెనక్కి తీసుకుని తుక్కు చేసింది. ఎలాగో తప్పించుకున్న కొన్నింటిని షౌఖీన్‌లు పట్టుకుని, బాగుచేసి, ఇప్పుడు మేళాలకు తెస్తున్నారు. మా తమ్ముడు చూసింది అలా బతికిపోయిన బండిని. ఒక హుకూమత్ తుడిచేయాలనుకున్న బండిని నట్లు బోల్టులతో ఆడుకునే కొందరు ముసలివాళ్లు నిలబెట్టారు. దీన్ని టైంపాస్ అనడానికి నాకు నోరు రాదు.

మరి మన వైపు సంగతి? మనకు కారు తారీఖ్ అనగానే నిజాం గుర్తొస్తాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా రోల్స్ రాయిస్‌కు ఒక సింహాసనం కారు ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో ఇంతెకాల్ అయ్యారు. పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్, లోపల తఖ్త్‌లాంటి సీటు. వందేళ్లు గడిచినా అది నడిచింది కొన్ని వందల మైళ్లే. బాగుచేసి జాగ్రత్తగా కాపాడుతున్నారు, సంతోషమే. ఢిల్లీలో 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక నడిపే వింటేజ్ ర్యాలీలో కూడా చూపు ఆగేది మహరాజుల బండ్ల మీదే. దాదాపు నడవని బండికి ఇంత తారీఖ్ ఉంది. రోజూ నడిచిన బండికి?

తెలుగు ఖాందాన్‌లో పుట్టిన ఒక మనిషి ఈ చిన్న కారు కల కన్నాడని మనలో చాలామందికి తెలియదు. కోయంబత్తూరు జి.డి.నాయుడు. 1893లో కలంగల్ అనే పల్లెలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టాడు. బడి చదువు అబ్బలేదు. ఒక ఇంగ్లీషు అధికారి మోటార్‌సైకిల్ చూసి మతిపోయి, హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి ఆ బండే కొన్నాడు. కొని ఏం చేశాడు? ముక్కముక్కగా విప్పి మళ్లీ బిగించాడు. మన గ్యారేజీల్లో ఏ షాగిర్ద్ చదువైనా అక్కడే మొదలవుతుంది. 1920లో ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి పెద్ద బస్సు కంపెనీ అంత పెంచాడు. 1952లో రెండు సీట్ల పెట్రోల్ కారు చేశాడు. ధర 2,000 రూపాయలు. సర్కారు లైసెన్స్ ఇవ్వలేదు. అంతే, ఆ కారు అక్కడే ఆగిపోయింది.

1951లోనే పరిశ్రమల చట్టం వచ్చింది. ఏ కార్ఖానా ఏం చేయాలో, ఎన్ని చేయాలో ఢిల్లీ ఇజాజత్ ఇవ్వాలి. మహారాష్ట్ర ఇచల్‌కరంజిలో శంకర్‌రావు కులకర్ణి 'మీరా' అనే చిన్న కారును దశాబ్దాలపాటు మార్చి మార్చి చేసి చివరికి వదిలేసుకున్నాడు. బెంగళూరులో సన్‌రైజ్ కంపెనీ 1970ల్లో ఫైబర్ బాడీతో 'బాదల్' అనే మూడు చక్రాల కారు తెచ్చింది. పేరు మన జబాన్‌దే, మేఘం. మేఘంలాగే వెళ్లిపోయింది. ఆ కంపెనీయే తర్వాత సిపానీ పేరుతో బ్రిటన్ రిలయంట్ కిట్టెన్ నమూనాలో డాల్ఫిన్ చేసింది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక చిన్న కారు అంటే అదొక్కటే అయింది.

టాటా నానో తారీఖ్ మన కళ్లముందే నడిచింది. వానలో స్కూటర్ మీద నలుగురు ఇరుక్కుని వెళ్తున్న కుటుంబాన్ని చూసి ఈ ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. 2008 జనవరి 10న చూపించారు, 2009లో అమ్మడం మొదలైంది, 2018లో ఆగింది. అన్నిటికంటే చవక కారు అని ముద్ర పడటం దెబ్బతీసిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. నాకు అందులో పెద్ద వింత కనిపించదు. మన నికాహ్ సంబంధాల్లో చూడండి, అబ్బాయికి బైక్ ఉందంటే సరే, కారుందంటే మాషా అల్లాహ్, నానో ఉందంటే మాత్రం ఒక నవ్వు. గరీబీ కంటే గరీబీ ముద్ర మనల్ని ఎక్కువ భయపెడుతుంది.

నాయుడు గారి కుటుంబం కోయంబత్తూరులో 2015లో జీడీ కార్ మ్యూజియం తెరిచింది. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్క్ దగ్గర కె.సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం 2010 నుంచి ఉంది. వంకాయ, బూటు, క్రికెట్ బంతి ఆకారాల్లో బండ్లు. అన్నీ నడుస్తాయి, చాలావరకు తుక్కు సామానుతో చేసినవే. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తే చార్మినార్ కంటే అదే ఎక్కువ గుర్తుంచుకుంటారు, మా ఇంట్లో అలాగే జరిగింది. అయితే అక్కడ చూసేది హునర్, నవ్వు. ఫెండ్ బండిలో ఉన్న మజ్‌బూరీ అక్కడ లేదు. అది చూడాలంటే టికెట్ కొనక్కర్లేదు. మన పలాస, టెక్కలి, ఉద్దానం రోడ్డు మీద నిలబడితే చాలు.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. కొబ్బరి, జీడి, పనస. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఈ పచ్చదనం చూసి బయటివాళ్లు స్వర్గం అంటారు. ఇక్కడి కిడ్నీ బీమారీ గురించి ఈ బ్లాగు చదివేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కారణం ఏమిటో డాక్టర్లు ఇన్నేళ్లయినా ఖాయంగా తేల్చలేకపోయారు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో సారి దాదాపు నాలుగు గంటలు. ఊరి నుంచి పలాసకు మరీజ్‌ని తెచ్చేది ఏది? ఎక్కువసార్లు మూడు చక్రాల ఆటోయే. తిరుగు ప్రయాణంలో తల తిరుగుతుంది, సొంత బండి ఉన్నా నడపలేరు. నాలుగు గంటలు చెట్టు కింద కాచుకుని, మళ్లీ అదే మనిషిని గతుకులు చూసి నెమ్మదిగా ఇంటికి చేర్చే ఆటోవాలాలు నాకు తెలుసు. అందులో మనవాళ్లూ ఉన్నారు, కాపులూ బెస్తలూ ఉన్నారు. ఇటలీ పియాజియో నమూనాతో పుణెలో బజాజ్ 1960ల మొదట్లో చేయడం మొదలుపెట్టిన ఆటో, యుద్ధం తర్వాతి ఆ చిన్న బండ్లకు సొంత తోబుట్టువు. అక్కడ మ్యూజియం చేరింది, ఇక్కడ ఇంకా డ్యూటీలో ఉంది.

ఫెండ్ ఫ్లిట్జర్ కూడా ఇక్కడ తయారవుతోంది. పేరే లేదు దానికి. టెక్కలిలో రోడ్డు వార రేకుల షెడ్డులో పని చేసే మిస్త్రీ చాచా ఒకాయన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు. స్కూటర్ వెనక చక్రానికి అటూ ఇటూ రెండు అదనపు చక్రాలు బిగిస్తాడు. యాంగిల్, పైపు, షాక్ అబ్జార్బర్లు, గ్యాస్ వెల్డింగ్. కొనేది పోలియో వచ్చినవాళ్లు, లారీ కింద కాలు పోయిన క్లీనర్, కొబ్బరి చెట్టు మీంచి పడి నడుము పోయినవాడు. కంపెనీలు చేసే కిట్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. కానీ కుడికాలు లేనివాడికి ఒకలా, రెండూ లేనివాడికి ఒకలా, కర్ర పెట్టుకునే చోటుతో సహా మనిషిని చూసి కొలిచి చేసేది ఈ చాచాలాంటి ఉస్తాదే. దర్జీ షేర్వానీ కుట్టినట్టు. మన మోటారు వాహనాల చట్టం 1988లో ఇలాంటి బండిని 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అంది. బ్రిటన్‌వాళ్లు లేత నీలం బండిని పిలిచిన మాటే అది.

ఇప్పటివరకు ఎన్ని చేశావు చాచా అని అడిగాను. లెక్క లేదన్నాడు. ఒక్క ఫొటో కూడా లేదు. మొదటిది ఎవరికి చేశాడో గుర్తుంది, ఏ సంవత్సరమో గుర్తులేదు. ఆయన ఉస్తాద్ ఇచ్ఛాపురం వైపు లారీల షెడ్డులో చేసేవాడు, ఆయన చేసిన బండ్లన్నీ కబాడీకి పోయాయి. చాచా కొడుకు విశాఖలో మాల్‌లో సేల్స్‌మన్. "చేతులకి గ్రీజు అంటుకుంటే పిల్లనివ్వరంట బేటా" అన్నాడు, నవ్వుతూనే. మన మస్జిద్‌ల పునాది ఎప్పుడు వేశారో రాసుకుంటాం, ఏ నవాబ్ ఏ జాగీర్ ఇచ్చాడో రాసుకుంటాం. చాలా ఊళ్లలో మన రొట్టె వచ్చింది రెంచీ, స్పానర్, వెల్డింగ్ రాడ్ నుంచి. ఆ తారీఖ్ రాసిన ఒక్క పేజీ నాకు దొరకలేదు. ఆ ముసలి ఇంగ్లీషువాళ్లు బండి నంబరుతో సహా రిజిస్టర్ రాస్తున్నారని విన్నప్పుడు నాకు కలిగింది మెచ్చుకోలు కాదు, రష్క్.

రెండో నౌపడ కథ కాకూడదని కూడా నా భయం. టెక్కలి పక్కన నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు, రెండున్నర అడుగుల పట్టాల మీద నూరేళ్లకు పైగా నడిచింది. 2004లో ఆపి బ్రాడ్‌గేజ్ చేశారు. పెద్ద రైలు రావడం మంచిదే. టెక్కలిలో ఇప్పటి పిల్లల్ని అడగండి, అలాంటి రైలొకటి తమ ఊరి స్టేషన్‌లో ఆగేదని ఎంతమందికి తెలుసో.

చాచాకు ఫోన్‌లో కేఆర్200 వీడియో చూపించాను. ఊరికే, నవ్వుకుంటాడని. ఆ బండికి రివర్స్ గేరు లేదు. ఇంజిన్ ఆపి, తాళం చెవిని ఇంకాస్త లోపలికి నొక్కి తిప్పితే స్టార్టర్ ఇంజిన్‌ను తలకిందులుగా, వెనక్కి తిప్పుతుంది. నాలుగు గేర్లూ అలాగే ఉంటాయి, బండి మాత్రం వెనక్కి పోతుంది. చాచా నవ్వలేదు. మళ్లీ పెట్టమన్నాడు. పక్క చక్రాల స్కూటర్‌కు ఉన్న పెద్ద తక్లీఫ్ అదే. రివర్స్ ఉండదు. కాళ్లున్నవాడు నేల మీద తన్ని వెనక్కి నెట్టుకుంటాడు, కాళ్లు లేనివాడు ఎవరైనా వస్తారా అని చూస్తూ బండి మీదే కూర్చోవాలి.

"టూ స్ట్రోక్ గదా, అందుకే ఎనక్కి తిరుగుతాది" అన్నాడు. "ఇప్పటి బళ్లు ఫోర్ స్ట్రోక్. వాల్వులు ఒప్పుకోవు." మూడోసారి చూశాడు. ఇగ్నిషన్ పాయింట్లు ఎన్ని సెట్లున్నాయని అడిగాడు. ముందుకు ఒక సెట్, వెనక్కి ఒక సెట్ అని చెప్పాను. కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. షెడ్డు మూల గోనెపట్టా కింద పాత చేతక్ ఇంజిన్ ఒకటుంది. దాన్ని బయటికి లాగమని కుర్రాడికి చెప్పాడు.